రాబిట్‌ఎంక్యూ (ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసే సర్వర్) సెట్టింగ్‌లు: కాన్ఫ్ ఫైల్‌ (rabbitmq.conf)లోనా, అడ్వాన్స్‌డ్ కాన్ఫిగ్‌ (advanced.config)లోనా?

రాత: కాన్ఫ్‌లో వరుసకో సెట్టింగ్, మధ్యలో సమానం గుర్తు. 3.7 వెర్షన్‌తో వచ్చిన ఈ పద్ధతి కొత్తవాళ్లకూ ఇట్టే అర్థమవుతుంది. అడ్వాన్స్‌డ్‌లో అంతా ఎర్లాంగ్ (రాబిట్‌ఎంక్యూను రాసిన ప్రోగ్రామింగ్ భాష) బ్రాకెట్లే.

కామెంట్: కాన్ఫ్‌లో #, అడ్వాన్స్‌డ్‌లో %.

ప్రమాదం: అడ్వాన్స్‌డ్‌లో చివరి ] తర్వాత చుక్క మరిచిపోతే నోడ్ (రాబిట్‌ఎంక్యూ సర్వర్) లేవదు. జాబితాలో ఆఖరి అంశం వెనక కామా మిగిలినా అంతే. నమూనాలోంచి ముక్క కాపీ చేసుకుంటే జరిగేది సరిగ్గా ఇదే. అందుకే మీరు రాసే డాక్యుమెంట్‌లో ఎప్పుడూ [ నుంచి చుక్క దాకా పూర్తి ఫైల్ చూపించండి. కాన్ఫ్‌లోనూ తెలియని కీ రాస్తే నోడ్ ఆగుతుంది. కాకపోతే ఆ కీ పేరు ఎర్రర్‌లోనే కనబడుతుంది.

మార్పు: రెండింటికీ రీస్టార్ట్ తప్పదు.

పోర్టులు, మెమరీ పరిమితి, టీఎల్ఎస్ (కనెక్షన్ ఎన్‌క్రిప్షన్) అయితే కాన్ఫ్ చాలు. కాన్ఫ్‌లో రాయలేని సెట్టింగ్ ఏదైనా ఉంటే అడ్వాన్స్‌డ్ కావాలి. అప్పుడు కూడా ఆ ఒక్కటే అందులో పెట్టి, మిగతావి కాన్ఫ్‌లోనే ఉంచండి; రెండు ఫైళ్లూ కలిసి పనిచేస్తాయి.