మొదటి సాకెట్టులో ఏ ట్యూబు మేలు: ముల్లార్డా, టెలిఫుంకెనా, మన బెల్లా?

గుంటూరులో మా చర్చి క్వయర్‌లో గిటార్ వాయించే తమ్ముడొకడు పోయిన నెలలో ఒక పాత ట్యూబ్ ఆంప్ (గిటార్ ఆంప్లిఫయర్) కొన్నాడు. పదిహేను వాట్లది. సిగ్నల్‌ని ముందుగా పెంచే ప్రీఆంప్ భాగంలో మూడు 12ఏఎక్స్7 ట్యూబులు, స్పీకర్‌ని నడిపే పవర్ భాగంలో రెండు ఇఎల్84లు. కొన్న మర్నాడే ఫోన్. "అన్నా, లోపలున్న మూడూ తీసేసి పాత ముల్లార్డులు వేసేద్దామా? డబ్బులు సర్దుకున్నాను." మూడు కొనొద్దు, ఒక్కటి కొనుక్కో అన్నాను. ఆ ఒక్కటీ ముల్లార్డే కానక్కర్లేదని కూడా చెప్పాను.

12ఏఎక్స్7కి యూరప్ పేరు ఇసిసి83. మన మెకానిక్కులు వాల్వ్ అంటారు, గిటార్ వాళ్ళు ట్యూబ్ అంటారు, వస్తువు మాత్రం ఒకటే. ఒకే గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్లు (సిగ్నల్‌ని పెంచే భాగాలు), కింద తొమ్మిది కాళ్ళు, ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (ఎంతగా పెంచగలదో చెప్పే అంకె) 100. గిటార్ పికప్ నుంచి మిల్లీవోల్టుల్లో వచ్చే సిగ్నల్ ముందుగా పడేది ఇన్‌పుట్ జాక్ పక్కనున్న మొదటి ట్యూబులోనే. అక్కడ కాస్త గురగుర పుట్టినా, కాస్త తియ్యదనం పుట్టినా, వెనకున్న స్టేజీలు దాన్నే పెంచుకుంటూ స్పీకర్ దాకా మోసుకెళ్తాయి. మూడో సాకెట్టుకి, అంటే రెండు పవర్ ట్యూబులకీ సిగ్నల్‌ని విడదీసి పంచే ఫేజ్ ఇన్వర్టర్ దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ వోల్టుల్లోకి ఎదిగిపోయి ఉంటుంది. అక్కడ ఎంత ఖరీదైన ట్యూబు పెట్టినా తేడా పట్టుకోవడం కష్టం. కాబట్టి పోటీ అంతా ఆ మొదటి సాకెట్టు కోసమే.

ముల్లార్డ్ అంటే ఇంగ్లండ్‌లో లాంకషైర్ ప్రాంతపు బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీలో తయారైనది. మధ్య స్థాయి నిండుగా ఉంటుంది, పై స్థాయి చెవిని గుచ్చదు. ఆంప్ సౌండ్ కాస్త విరిగే దగ్గర, అంటే గట్టిగా మీటితే గరుకు, మెల్లగా మీటితే శుభ్రం అన్న చోట దీనికి మంచి పేరుంది. ఆ పేరు నిజమే, నేను విన్నాను. చిక్కల్లా కొనడంలో ఉంది. ముల్లార్డ్ అన్న పేరుతో ఇప్పుడు రష్యాలో తయారయ్యే కొత్త ట్యూబులు కూడా మార్కెట్లో ఉన్నాయి. అవి చెడ్డవని కాదు, కానీ బ్లాక్‌బర్న్‌వి కావు. డబ్బా మీద పేరు ఒకటే కాబట్టి తెలియనివాళ్ళు పాతదాని ధర పెట్టి కొత్తది తెచ్చుకుంటారు.

నాకు తగిలిన దెబ్బ వేరే రకం. మూడేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర 'అసలు సిసలు 1960ల ముల్లార్డ్' అని చెప్తే కొన్నాను. వేలు తగలగానే అచ్చు చెరిగింది. అచ్చు చెరగడం తప్పు కాదు, నిజమైన పాత ట్యూబుల మీద కూడా అది ఇట్టే పోతుంది. అందుకే చూడాల్సింది అచ్చుని కాదు, గాజు అడుగున కాళ్ళకి కాస్త పైన బూడిద రంగులో చెక్కిన చిన్న కోడ్‌ని. బ్లాక్‌బర్న్‌ది అయితే రెండో వరుస 'బి' అక్షరంతో మొదలవుతుంది. నాకొచ్చిన దాన్ని లైటు కింద ఎంతసేపు తిప్పినా ఏ కోడూ కనపడలేదు. అమ్మినవాళ్ళు మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

టెలిఫుంకెన్ జర్మనీది. దీన్ని గుర్తుపట్టడం తేలిక. అడుగున కాళ్ళ మధ్యలో గాజులోనే డైమండ్ గుర్తు పోసి ఉంటుంది. లోపలి ప్లేట్లు నున్నగా ఉన్నవీ, గీతలున్నవీ రెండు రకాలూ వచ్చాయి. సౌండ్ చాలా శుభ్రం. కార్డ్ మీటితే ఆరు తీగలూ విడివిడిగా వినిపిస్తాయి. క్లీన్‌గా ఆర్పెజియోలు (కార్డులోని స్వరాలు ఒక్కొక్కటిగా) వాయించేవాళ్ళకీ, కీబోర్డు, కోరస్ మధ్యలో గిటార్ కలిసిపోకూడదనుకునేవాళ్ళకీ ఇంతకన్నా మంచిది నేను వినలేదు. కానీ ఒక్క అసలు టెలిఫుంకెన్ డబ్బుతో ఇప్పటి స్లొవేకియా జేజే ట్యూబులు అరడజను కొనుక్కోవచ్చు. అమెరికా ఆర్‌సీఏ ట్యూబులు కూడా బాగుంటాయి, పై స్థాయిలో కాస్త మెరుపు ఎక్కువ. మన వైపు అవి దొరకడమే అరుదు.

ఇక బెల్. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ (పొడి అక్షరాల్లో బీఈఎల్, అదే బెల్) ఫిలిప్స్ సాంకేతిక సహకారంతో వాల్వులు తయారుచేసేది. ముల్లార్డ్ కూడా అప్పట్లో ఫిలిప్స్ చేతిలోని కంపెనీయే. ఆ లెక్కన బెల్ ఇసిసి83 ముల్లార్డ్‌కి దూరపు చుట్టం కాదు, దగ్గర బంధువే. ఒకప్పుడు మన ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ, ఎలక్షన్ మీటింగులకీ అద్దెకిచ్చే మైక్ సెట్ల ఆంప్లిఫయర్లలో ఈ రకం వాల్వులే ఉండేవి. అందుకే ఇప్పటికీ గుంటూరు, విజయవాడల్లో పాత రేడియో మెకానిక్కుల ఇళ్ళలో ఇవి బయటపడుతుంటాయి.

నాకు అరండల్‌పేటలో ఒక పెద్దాయన దగ్గర దొరికాయి. రిపేర్లు మానేసి చాలా ఏళ్ళయింది. బిస్కెట్ డబ్బా తెరిస్తే ఒక్కో వాల్వూ న్యూస్‌పేపర్ ముక్కలో చుట్టి ఉంది. ఒకదాన్ని విప్పి కిటికీ వెలుగుకి పట్టుకుని, "పైన వెండి పూత చూడు నాయనా, నిగనిగలాడుతోంది. తెల్లగా పాలిపోయిందంటే గాలి దూరినట్టే, పక్కన పడెయ్" అన్నారు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపారు, లోపల ఏదైనా ఊడి గలగలలాడుతుందేమోనని. "బాబాయ్ గారూ, ఎంతిమ్మంటారు?" అంటే ఆయన అడిగింది మా ఇద్దరి భోజనం ఖర్చంత. ఆరు తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి ఒకే గిటార్, ఒకే వాల్యూమ్, ఒకే నాలుగు కార్డులు పెట్టి పోల్చాను. మిత్రుడి దగ్గర తెచ్చిన బ్లాక్‌బర్న్ ముల్లార్డ్ ఒకసారి, బెల్ ఒకసారి. ముల్లార్డ్‌లో అడుగు స్థాయి కాస్త గుండ్రంగా ఉంది. బెల్‌లో పై స్థాయి ఒక పిసరు ముందుకొచ్చింది. గదిలో ఒక్కణ్ణే కూర్చుంటే తెలిసిన ఆ తేడా, ఆదివారం డ్రమ్స్‌తో వాయించేటప్పుడు నాకు వినపడలేదు. అదే ఆంప్‌లో కొత్త జేజే పెడితే మాత్రం తేడా వెంటనే తెలిసింది. గట్టిగా ఉంది, మందంగా ఉంది, కానీ మెల్లగా మీటినప్పుడు ఆ స్పందన లేదు. అందుకే నా ఓటు మొదటి సాకెట్టులో బెల్‌కి, మిగతా రెండింట్లో జేజేకి. క్లీన్ సౌండే ప్రాణమైతే, డబ్బుకి ఇబ్బంది లేకపోతే టెలిఫుంకెన్ కొనండి. ముల్లార్డ్‌ని మాత్రం కోడ్ కళ్ళారా చూశాకే కొనండి.

బ్రాండు మార్చడం కన్నా రకం మార్చడమే కొందరికి మేలు. చర్చిలో ఆంప్ సౌండ్ తొందరగా గరుకెక్కిపోతోందని బాధపడేవాళ్ళు మొదటి సాకెట్టులో 5751 పెట్టి చూడండి. దాని ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 70. ఇంకా తగ్గాలంటే 12ఏవై7, అది 44. రెండూ అదే సాకెట్టులో నేరుగా కూర్చుంటాయి. ప్రీఆంప్ ట్యూబులు మామూలుగా క్యాథోడ్ బయాస్‌తో, అంటే తమ పని స్థాయిని తామే సర్దుకుంటూ పనిచేస్తాయి కాబట్టి బయాస్ సెట్ చేయించాల్సిన టెన్షన్ లేదు. స్విచ్ ఆపి, చల్లారాక, కాస్త అటూ ఇటూ కదుపుతూ నిటారుగా పైకి లాగండి. ఛాసిస్ (లోపలి సర్క్యూట్ ఉన్న లోహపు పెట్టె) మాత్రం విప్పొద్దు, ఆపేశాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలవ ఉంటాయి.

పాత ట్యూబుకి డబ్బు పెట్టేముందు మన కరెంటు సంగతి చూసుకోవాలి. ఈ ట్యూబు హీటర్‌కి (లోపల వేడెక్కే తీగకి) కావాల్సింది 6.3 వోల్టులు, పది శాతం అటూ ఇటూ అయితే ఓర్చుకుంటుంది. ఆంప్ వెనక 220కి పెట్టి, గోడలో 250 వస్తుంటే హీటర్‌కి 7.1 దాటిపోతుంది. మళ్ళీ తయారుకాని ట్యూబుని అలా మాడ్చుకోవడం నాకు మనసొప్పదు. తమ్ముడికి ముందు స్టెబిలైజర్ కొనిపించాను. క్యాథోడ్ ఫాలోయర్ (సిగ్నల్‌ని పెంచకుండా తర్వాతి భాగానికి అందించే స్టేజీ) ఉన్న ఆంప్ అయితే ఆ స్థానంలో కూడా పాతది పెట్టకండి. అక్కడ క్యాథోడ్‌కీ హీటర్‌కీ మధ్య 150 వోల్టులు దాటొచ్చు, ఇసిసి83కి పరిమితి 180.

తర్వాతి శనివారం ప్రాక్టీస్‌కి ఆ డబ్బా తీసుకెళ్ళాను. ఆంప్ ఆన్ చేసి వాల్యూమ్ సగానికి పెట్టి, ఒక్కో బెల్‌నీ మొదటి సాకెట్టులో ఉంచి పెన్సిల్ రబ్బరు వైపుతో తట్టాం. నాలుగు మెత్తగా టక్‌మన్నాయి. రెండు స్పీకర్‌లోంచి గంటలా మోగాయి, అంటే చిన్న కుదుపుని కూడా సౌండుగా మార్చేస్తున్నాయి. మొదటి స్థానానికి పనికిరావని ఆ రెండింటి చుట్టూ ఉన్న కాగితం మీద '3' అని రాశాను. ఫేజ్ ఇన్వర్టర్‌లో అవి నిశ్శబ్దంగా పనిచేసుకుంటాయి. మంచి నాలుగింట్లో ఒకటి తమ్ముడు అప్పుడే తన ఆంప్‌లో బిగించేసుకున్నాడు.