జార్జియాలో మక్క రొట్టె తిన్న ఇల్లు

జార్జియా దేశానికి ప్యాకేజీ మాట్లాడుకుంటున్నారా? అందులో 'రోజూ రాత్రి ఇండియన్ డిన్నర్' అని ఉంటే ముందు ఆ ముక్క తీసేయించండి. హన్మకొండలో మేము అడిగిన ట్రావెల్స్ అతను దాన్నే గొప్పగా చెప్పాడు. "పెద్దావిడ ఉన్నారు కదా మేడమ్, అక్కడి తిండి ఏం పడుతుంది" అన్నాడు. పెద్దావిడంటే మా అమ్మ. సోమవారం, శనివారం నీసు ముట్టదు, మిగతా రోజుల్లో కోడికూర దాకా ఫర్వాలేదు. మా అక్క బిడ్డ టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతోంది కాబట్టి, ఆ పిల్ల భరోసా మీద ప్యాకేజీ వద్దనుకుని అన్నీ మేమే బుక్ చేసుకున్నాం. గల్ఫ్‌లో ఫ్లైట్ మారి వెళ్లాం. నేను, మా ఆయన, అమ్మ.

టిబిలిసిలో అవ్లబరి మెట్రో స్టేషన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. పాతబస్తీకి నడిచి పోవచ్చు, వంటిల్లు ఉంది, బట్టలు ఉతికే మెషిన్ ఉంది. ఇబ్బందల్లా బిల్డింగే. సోవియట్ కాలం నాటిది. ఇలాంటి పాత బిల్డింగుల్లో కొన్నిచోట్ల నాణెం వేస్తే తప్ప లిఫ్ట్ కదలదు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు వెంట ఉంటే ఎన్నో అంతస్తు, లిఫ్ట్ పనిచేస్తుందా అని ముందే మెసేజ్ పెట్టి అడగండి. ఇంకో సంగతి, ఓనర్ తలుపు కోడ్ ఫోన్‌కి పంపుతాడు, మనిషి కనిపించడు. ఇంటి భోజనం ఆశతో వెళ్లేవాళ్లకు ఈ రకం బస పనికిరాదు.

శాకాహారం విషయంలో మా పిల్ల చెప్పిన చిట్కా బాగా పనికొచ్చింది. జార్జియాలో ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు. నిష్ఠగా ఉండేవాళ్లు బుధ, శుక్రవారాల్లో, ఈస్టర్ ముందు ఉపవాస రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. అప్పుడు తినేదాన్ని సమర్ఖ్వో అంటారు. "వెజిటేరియన్ అంటే చికెన్ సూప్ తెచ్చి పెడతారు చిన్నమ్మా, సమర్ఖ్వో అని అడుగు" అంది. అడిగిన ప్రతిచోటా సరైనదే వచ్చింది. పాలకూరలో అక్రోట్ల ముద్ద కలిపి చేసే ఫ్ఖలి, అక్రోట్ల ముద్ద పెట్టి చుట్టిన వంకాయ ముక్కలు, మట్టికుండలో వచ్చే లోబియో అనే రాజ్మా కూర. కొత్తిమీర ధారాళంగా వేస్తారు. పుల్లదనానికి త్కెమలి అని రేగుపండంత ప్లమ్ కాయల పచ్చడి ఉంటుంది. అమ్మ దాన్ని పళ్లెం పక్కన పెట్టుకుని అన్నిటికీ నంజుకుంది.

ఖింకాలి అనే మాంసం కుడుముల విషయంలో మాత్రం జాగ్రత్త. లోపల పంది, గొడ్డు మాంసం కలిపి పెట్టడం మామూలే. అవి తిననివాళ్లు పుట్టగొడుగులవో, ఆలుగడ్డవో అడగాలి. చేత్తో పైకుచ్చు పట్టుకుని తినాలి, ఆ కుచ్చు పళ్లెంలో వదిలేయాలి.

పాతబస్తీలో డ్యాన్స్ ప్రోగ్రాంతో పాటు 'సంప్రదాయ విందు' అని బోర్డు పెట్టిన ఒక పెద్ద రెస్టారెంట్‌కు వెళ్లాం. మాట వినపడనంత సౌండు, చల్లారిన ఖచపురి అనే చీజ్ రొట్టె, మెనూ అడుగున చిన్న అక్షరాల్లో రాసిన సర్వీస్ చార్జీ. ఆ డబ్బుతో సందు చివరి బేకరీలో నెలరోజులు షోటి తినొచ్చు. తోనే అనే మట్టి పొయ్యి లోపలి గోడకు అతికించి కాల్చే పడవ ఆకారం రొట్టె అది. వేడి మీద చేతిలో పెడతారు, రూములోకి వచ్చేసరికి సగం అయిపోతుంది.

అసలు తిండి కుతైసిలో దొరికింది. టిబిలిసికి పడమటగా సుమారు 230 కిలోమీటర్లు. దిదూబే స్టేషన్ నుంచి మార్ష్రుత్కా వ్యాన్లు పోతాయి, కానీ నిండితే గాని కదలవు. అమ్మతో అలా కూర్చోలేమని కారు మాట్లాడుకున్నాం. మా అక్క బిడ్డ కూడా మాతో వచ్చింది. అక్కడ ఒక కుటుంబం నడిపే గెస్ట్ హౌస్‌లో దిగాం. కింద ఇంటివాళ్లు, పైన మేము. బాత్రూం ఇంకో గదివాళ్లతో కలిపి, వేడినీళ్లు వచ్చేదాకా కాసేపు ఆగాలి. గదికి నేను పెద్ద మార్కులు వేయను. రాత్రి భోజనం కావాలంటే పొద్దున్నే చెప్పాలి, ఏమేం తినరో కూడా అప్పుడే చెప్పాలి. కోడలికి ఇంగ్లిష్ వచ్చు, అత్తగారికి జార్జియన్ తప్ప ఏమీ రాదు.

సాయంత్రం వంటింట్లో ఆ పెద్దావిడ మొక్కజొన్న పిండిలో ఉప్పు, నీళ్లు పోసి కలిపి అరచేతుల మధ్య తడుతుంటే అమ్మ తొంగి చూసింది. "ఇది మక్క రొట్టె కాదే?" అంది. వాళ్లు మ్చాది అంటారు. మనకన్నా మందం, చిన్నది, కేత్సి అనే మట్టి పెనం మీద కాలుస్తారు. అమ్మ ఊరుకోలేదు. పిండి అడిగి, వేడినీళ్లు కావాలని సైగ చేసి, మనలాగ పలుచగా ఒకటి తట్టింది. తీస్తుంటే రెండు ముక్కలైంది. పెద్దావిడ ఆ ముక్కల మీదే చీజ్ పెట్టి అందరికంటే ముందు తను తింది. ఒకరి మాట ఒకరికి రాదు, అయినా గంటసేపు ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

బల్ల మీద పళ్లెం పైన పళ్లెం పెట్టారు. దీన్ని సుప్రా అంటారు. తమదా అనే పెద్దమనిషి, ఇక్కడైతే ఇంటాయన, ఒక్కో మాట చెప్పి ద్రాక్షసారా గ్లాసు ఎత్తుతాడు. ముందు దేవుడికి, తర్వాత శాంతికి, పోయినవాళ్లకు, అమ్మానాన్నలకు. ఆయన చెప్పకముందు తాగడం మర్యాద కాదు. తాగనివాళ్లు కంపోట్ అనే పండ్ల పానీయం ఎత్తినా ఎవరూ ఏమీ అనుకోరు. మాటలు పొడుగు, ఈలోపు కూరలు చల్లారతాయి, అది ఒక్కటే నాకు నచ్చలేదు. ఆడవాళ్లు వంటింటికి, బల్లకు మధ్య తిరుగుతూనే ఉన్నారు. "వండినోళ్లు ఎప్పుడు తింటరు?" అని అమ్మ అడిగితే మా పిల్ల అనువాదం చేసింది. "మీ ఇంట్లో ఎప్పుడు తింటారు?" అంది కోడలు. అమ్మ ఇంకో ముక్క వంకాయ వేసుకుంది.

మరునాడు పొద్దున ఘోమి పెట్టారు. పశ్చిమ జార్జియాలో, ముఖ్యంగా సమెగ్రెలో ప్రాంతంలో రోజువారీ తిండి. మక్క గటుకే, ఇంకేం కాదు. పుంటికూరకు బదులు సుల్గుని చీజ్ ముక్కలు వేడి గటుకలో గుచ్చుతారు, కరిగి తీగలు సాగుతుంది. "గటుక తిననీకి ఇంత దూరం వచ్చినమా" అని అమ్మ విసుక్కుంటూనే గిన్నె రెండోసారి చాపింది. మేము తీసుకెళ్లిన సకినాలు ఆ ఇంటి పిల్లలు అక్కడే ఖాళీ చేశారు. ఊరి బజారులో అజిక అనే ఎర్ర మిరప నూరుడు రుచి చూపిస్తారు. చూడ్డానికి భయమేస్తుంది, మాకు దొరికినది మాత్రం మన చపాట మిర్చి తీరు, రంగే ఎక్కువ.

కాఖేటి ప్రాంతంలో సిగ్నాగి అనే ఊరు కళ్లకు పండగ. 18వ శతాబ్దపు కోటగోడ, కింద అలజాని లోయ, ఎదురుగా కాకసస్ కొండలు. భూమిలో పాతిన క్వెవ్రి అనే మట్టి కాగుల్లో ద్రాక్షసారా చేసే పద్ధతికి 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఆ కాగులు చూపించే ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. మా గెస్ట్ హౌస్ గది కుతైసి గది కన్నా ఎంతో శుభ్రంగా ఉంది. భోజనం మాత్రం టూరిస్టుల లెక్కలో వండినదే, అన్ని బల్లలకూ అవే వంటకాలు. చుర్చ్‌ఖేలా కొనాలంటే ఇక్కడ కొనండి. దారానికి గుచ్చిన అక్రోట్లను పిండి వేసి ఉడికించిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెడతారు. దారం తీసేసి తినాలి.

కజ్బేగి అనే ఊరికి కొండల కోసం వెళ్లండి, తిండి కోసం కాదు. గెర్గెటి చర్చి 2,170 మీటర్ల ఎత్తులో ఉంటుంది, చలి గట్టిగా కొడుతుంది, హోటళ్ల రేట్లు కూడా. టిబిలిసి నుంచి పొద్దున పోయి రాత్రికి వచ్చేస్తే చాలు.

అక్కడి డబ్బు లారి. ఒక లారి మన 30 రూపాయల పైమాటే. బజార్లలో, పల్లె ఇళ్లల్లో నగదు ఉండాలి. టిబిలిసిలో ట్యాక్సీకి బోల్ట్ యాప్ వాడితే బేరం టెన్షన్ ఉండదు. మళ్లీ వెళ్తే కజ్బేగి రాత్రి బస తీసేసి ఆ రోజులు కుతైసికి కలుపుతాను. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ర్త్వెలి అనే ద్రాక్ష కోతల పండగ టైం, కాఖేటి ఇళ్లల్లో గదులు ముందే నిండిపోతాయి. అప్పుడు వెళ్లేవాళ్లు ఫ్లైట్ కన్నా ముందు గెస్ట్ హౌస్ వాళ్లకు మెసేజ్ పెట్టి, రాత్రి భోజనం వాళ్లతోపాటు అదే బల్ల మీద పెడతారా అని అడగండి.