బ్యాంకు మన వివరాలు బయటపెడితే ఏది మేలు: ఖాతా మూసేయడమా, ఉండి నిలదీయడమా?

ఒకసారి నా ఈమెయిల్‌కు బ్యాంకు నుంచి నెలవారీ స్టేట్‌మెంట్ వచ్చింది. తెరిచి చూస్తే అందులో పేరు, ఖాతా నంబరు నావి కావు. ఎవరికో జీతం జమ అయిన తేదీ, వారు కట్టిన ఆసుపత్రి బిల్లు వరుసగా కనిపించాయి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "పొరపాటున వచ్చి ఉంటుందండీ, డిలీట్ చేసేయండి" అన్నారు. వారిది నాకు వస్తే నాది ఎవరికి వెళ్లిందని అడిగితే జవాబు లేదు. వెంటనే ఖాతా మూసేద్దామనిపించింది.

ఆ కోపం న్యాయమైనదే గానీ, ఖాతా మూసినంత మాత్రాన బయటికి పోయిన సమాచారం వెనక్కి రాదు, బ్యాంకు దగ్గర ఉన్నది చెరిగిపోదు. చాలా దేశాల్లో చట్టాల ప్రకారం పాత ఖాతాల రికార్డులను బ్యాంకులు కొన్నేళ్లపాటు ఉంచి తీరాలి. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి బయటపడిన వివరాల్లో ఎక్కువ భాగం 2005 నుంచి క్రెడిట్ కార్డుకు దరఖాస్తు చేసుకున్నవారివి. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది దీని బారిన పడ్డారు. నియంత్రణ సంస్థ 2020లో ఆ బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఎప్పుడో దరఖాస్తు చేసి మరచిపోయినవారి వివరాలకే రక్షణ లేనప్పుడు, వెళ్లిపోయిన ఖాతాదారుకు ఏం భరోసా ఉంటుంది?

రాతపూర్వక ఫిర్యాదుకు ఓపిక కావాలి, కానీ బ్యాంకు చేత జవాబు చెప్పించేది అదే. ఏ వివరాలు బయటికి వెళ్లాయి, ఎప్పుడు, ఎవరి చేతికి, ఆ లోపాన్ని ఎలా సరిదిద్దారు అని విడివిడిగా అడిగి, ఫిర్యాదు నంబరును, తేదీని భద్రపరచుకోవాలి. ఫోన్‌లో అన్న మాటకు మన దగ్గర ఆధారం మిగలదు. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమలవుతున్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, ప్రజలకు ముప్పు తెచ్చే సమాచార ఉల్లంఘనను సంస్థలు తమకు తెలిసిన 72 గంటల్లోగా పర్యవేక్షణ సంస్థకు తెలపాలి. తన సమాచారం గురించి అడిగిన వ్యక్తికి సాధారణంగా నెలలోగా బదులివ్వాలి. బ్యాంకు ముఖం చాటేస్తే, ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ లేదా నియంత్రణ సంస్థ ముందు పెట్టడానికి ఆ కాగితాలే పనికొస్తాయి.

అయితే జవాబు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. కార్డు నంబరు పోతే కార్డును బ్లాక్ చేయించి కొత్తది తీసుకోవచ్చు, పాస్‌వర్డు మార్చుకోవచ్చు. పుట్టిన తేదీ, వేలిముద్ర మార్చుకోలేనివి. అవి బయటపడితే మన పేరున ఎవరైనా అప్పు తీసుకున్నారేమో మన అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ నివేదికలో చాలాకాలం గమనిస్తూ ఉండాలి.

సామాజిక మాధ్యమాల్లో రాస్తే కదలిక త్వరగా రావచ్చు, కానీ కస్టమర్ కేర్ పేరుతో మోసగాళ్లూ అక్కడే పలకరిస్తారు. ఖాతా నంబరు కనిపించే స్క్రీన్‌షాట్ మాత్రం ఎన్నడూ పెట్టకూడదు.

నా మట్టుకు నేను నిలదీయడానికే ఓటు వేస్తాను. బ్యాంకు నిజం దాచినా, అదే తప్పు మళ్లీ చేసినా అప్పుడు ఖాతా మూసేయడమే సరి. అయితే ముందుగా స్టేట్‌మెంట్లన్నీ దింపుకుని, ఆటోమేటిక్ చెల్లింపులను మరో ఖాతాకు మార్చుకుని, ప్రచారం కోసం ఇచ్చిన అనుమతులను రాతపూర్వకంగా ఉపసంహరించుకోవాలి.