బ్రూక్నర్ సింఫనీలు పోగుచేయాలంటే బాక్స్ సెట్ మేలా, విడి రికార్డింగులు మేలా?

ఏడో సింఫనీ మొదట్లో వయొలిన్లు సన్నగా వణుకుతుంటే, కింది నుంచి చెల్లోలు, వాటికి తోడుగా ఒక హార్న్, ఆ పొడవాటి బాణీని ఎత్తుకుంటాయి. అది ఒకసారి మనసులో దిగబడితే ఇక ఆగడం ఉండదు. వారం తిరిగేసరికి నాలుగోది, ఎనిమిదోది, తొమ్మిదోది కూడా వినడం అయిపోతుంది. ఏ రికార్డింగు కొనాలన్న ప్రశ్న అప్పుడు వస్తుంది. బేతోవెన్ విషయంలో ఆ ప్రశ్నకు అర్థం ‘ఏ కండక్టర్’ అని. ఆస్ట్రియా సంగీతకర్త ఆంటన్ బ్రూక్నర్ (1824–1896) విషయంలో మాత్రం అంతకంటే ముందు ‘ఏ పాఠం’ అని అడగాలి. పాత కావ్యాలకు పాఠభేదాలు ఉన్నట్టే ఈయన సింఫనీలకూ ఉన్నాయి. అవి ఒకటి రెండు మాటల తేడాలు కావు, కొన్నిచోట్ల మొత్తం మూవ్‌మెంటే (సింఫనీలో ఒక పూర్తి అంకమే) వేరు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. మొదట ఒకే ఒక్క బాక్స్ సెట్ (ఒకే కండక్టర్ చేసిన సింఫనీలన్నీ ఒకే పెట్టెలో) తీసుకోవాలి. ఆ తర్వాత మూడు, నాలుగు, ఎనిమిది సింఫనీలకు మాత్రం విడి రికార్డింగులు చేర్చుకోవాలి. రెండో బాక్స్ సెట్ కనీసం ఏడాది ఆగాక. ఎందుకో చెప్పాలంటే పాఠాల సంగతి దగ్గర మొదలుపెట్టక తప్పదు.

ఎనిమిదోది: హాస్ పాఠమా, నోవాక్ పాఠమా?

1887లో బ్రూక్నర్ ఎనిమిదో సింఫనీ ముగించి, ఎంతో ఆశతో కండక్టర్ హెర్మాన్ లెవీకి పంపాడు. ఇది తనకు అంతుపట్టడం లేదని లెవీ చెప్పించాడు. బ్రూక్నర్ కుంగిపోయి, తేరుకుని, 1890 నాటికి మొత్తం తిరగరాశాడు. కాబట్టి ఆయన చేతి మీదుగానే రెండు కూర్పులు ఉన్నాయి. వాటిని చెవితో పట్టుకోవడం తేలిక. మొదటి మూవ్‌మెంట్ చివర ఆర్కెస్ట్రా మొత్తం బిగ్గరగా సి మేజర్‌లో ముగిస్తే అది 1887. గడియారం కొట్టుకోవడం ఆగిపోతున్నట్టు సద్దుమణిగితే 1890. నెమ్మదిగా సాగే మూవ్‌మెంట్ అయిన అడాజియో శిఖరంలో పెద్ద తాళాల్లాంటి సింబల్స్ మూడేసి చొప్పున రెండు సార్లు, మొత్తం ఆరు దెబ్బలు మోగితే 1887. రెండే రెండు దెబ్బలైతే 1890. చురుకైన మూవ్‌మెంట్ అయిన స్కెర్జో నడుమ వచ్చే ట్రియో భాగంలో హార్ప్‌లు వినిపిస్తే అదీ 1890దే.

అసలు చిక్కు 1890 కూర్పుకు ఇద్దరు పరిష్కర్తలు ఉండటంతో వచ్చింది. రాబర్ట్ హాస్ 1939లో అచ్చువేసిన ప్రతిలో, 1890లో తీసేసిన కొన్ని భాగాలను 1887 ప్రతి నుంచి తెచ్చి మళ్లీ అతికించాడు. బయటివాళ్ల ఒత్తిడి వల్లే బ్రూక్నర్ వాటిని కత్తిరించాడని ఆయన వాదన. 1955లో లియోపోల్డ్ నోవాక్ ఆ అతుకులన్నీ తీసేసి, 1890 రాతప్రతిలో ఉన్నది ఉన్నట్టు ఇచ్చాడు. ఫలితంగా ఆఖరి మూవ్‌మెంట్ హాస్‌లో 747 బార్లు (తాళావర్తాలు), నోవాక్‌లో 709. అడాజియోలోనూ శిఖరానికి ముందు 10 బార్ల మెత్తని భాగం హాస్‌లో ఉంటుంది, నోవాక్‌లో ఉండదు.

శాస్త్రం ప్రకారం నోవాక్‌దే న్యాయం. రెండు ప్రతులు కలిపి బ్రూక్నర్ ఎన్నడూ రాయని మూడో ప్రతిని తయారుచేయడం పరిష్కర్త పని కాదు. కానీ వినడానికి హాస్ మేలు. అడాజియోలో ఆ 10 బార్లు ఊపిరి తీసుకునే చోటు. అవి లేకపోతే శిఖరం మీదికి ఉన్నట్టుండి తోసేసినట్టు ఉంటుంది. ఆఖరి మూవ్‌మెంట్‌లోనూ నోవాక్ కోతలు ఒకటి రెండు చోట్ల కుదుపులాగా తగులుతాయి. కాబట్టి ఒక్క ఎనిమిదే కొనేవాళ్లు హాస్ పాఠంతో వెళ్లండి. కండక్టర్లలో కరాయాన్, గుంటర్ వాండ్, బూలేజ్, ఆమ్‌స్టర్‌డామ్‌లో హైటింక్ ఎంచుకున్నది అదే. యోహుమ్, జూలీని, బోమ్, చెలిబిదాకే నోవాక్‌ను పట్టుకున్నారు. జూలీని వియన్నా ఫిల్హార్మోనిక్‌తో 1984లో చేసిన రికార్డింగు వింటే ఆ కుదుపులు దాదాపు తెలియవు. కండక్టర్ చేతి చలవ అంటే అదే. 1887 పాఠానికి ఎలియాహు ఇన్బాల్ (ఫ్రాంక్‌ఫర్ట్ రేడియో) లేదా గేయార్గ్ టింట్నర్ రికార్డింగు చూడండి.

మూడు, నాలుగు, మిగిలినవి

మూడోది సంగీతకర్త వాగ్నర్‌కు అంకితమిచ్చినది. దాని కోతల లెక్క చూస్తేనే గుండె బరువెక్కుతుంది. 1873 కూర్పులో మొత్తం 2056 బార్లు, 1877లో 1815, 1889లో 1644. ఆఖరి మూవ్‌మెంట్ ఒక్కటే 764 నుంచి 495కు కుదించుకుపోయింది. చాలా బాక్స్ సెట్‌లలో దొరికేది ఆ 1889 పాఠమే. అది బిగువుగా, మెరుగులు దిద్దినట్టు ఉంటుంది కానీ ఆఖరి మూవ్‌మెంట్‌లో కథ మధ్యలో పుటలు చిరిగిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే బాక్స్ సెట్ ఉన్నా ఈ సింఫనీకి ఇంకొక రికార్డింగు తప్పనిసరి. 1877 పాఠానికి హైటింక్ 1963లో ఆమ్‌స్టర్‌డామ్ ఆర్కెస్ట్రా కన్సర్ట్‌హెబౌతో చేసినది చురుగ్గా, తేటగా ఉంటుంది. 1873 పాఠానికి ఇన్బాల్ వేగంగా నడుపుతాడు. టింట్నర్ చేతిలో మొదటి మూవ్‌మెంటే 30 నిమిషాలు దాటుతుంది. తొలిసారి వినేవాళ్లకు అది ఓర్పుకు పరీక్ష.

నాలుగోది అందరూ వాయించేది 1878/80 కూర్పు. ఇందులో హాస్‌కూ నోవాక్‌కూ తేడా స్వల్పం: నోవాక్ ప్రతిలో చిట్టచివర హార్న్‌లు మొదటి మూవ్‌మెంట్ పిలుపును గట్టిగా గుర్తుచేస్తాయి. దాని కోసం రెండు రికార్డింగులు కొనక్కర్లేదు. కొనాల్సింది 1874 కూర్పు. ఎందుకంటే అందరికీ తెలిసిన ‘వేట’ స్కెర్జో అందులో ఉండదు. దాని స్థానంలో ఒంటరి హార్న్ పిలుపుతో మొదలయ్యే, పూర్తిగా వేరే స్కెర్జో ఉంటుంది. 1878/80కి కార్ల్ బోమ్ 1973లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో చేసినది చాలు, ఆ హార్న్‌ల నాదం మరోచోట దొరకదు.

మిగతావాటికి ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. ఆరోదానికి ఒకటే పాఠం. ఐదోది కొనేటప్పుడు బ్రూక్నర్ శిష్యుడు ఫ్రాంజ్ షాల్క్ మార్చిన ప్రతి కాకుండా చూసుకుంటే చాలు. అందులో ఆఖరి మూవ్‌మెంట్‌ను బాగా కత్తిరించి, చివర అదనపు ఇత్తడి వాద్యాలూ సింబల్స్ చేర్చారు. 1956లో కండక్టర్ క్నాపర్ట్స్‌బుష్ వియన్నాలో రికార్డు చేసినది ఆ ప్రతే. అదొక్కటే ఇంట్లో ఉంటే ఐదోది విన్నట్టు కాదు. ఏడోదాని అడాజియో శిఖరంలో ఒక్క సింబల్ దెబ్బ ఉండాలా వద్దా అన్న గొడవ ఉంది: హాస్ తీసేశాడు, నోవాక్ ఉంచాడు. ఒక్క దెబ్బ కోసం రికార్డింగును కాదనుకోవద్దు. మొదటి సింఫనీకి 1866 నాటి లింజ్ కూర్పు, 1891 నాటి వియన్నా కూర్పు ఉన్నాయి. లింజ్‌దే మేలు, ముసలితనంలో చేసిన నగిషీ కంటే ఆ పడుచుదనం బాగుంటుంది.

ఏ బాక్స్ సెట్?

ఓయిగెన్ యోహుమ్ రెండుసార్లు మొత్తం తొమ్మిదీ రికార్డు చేశాడు. మొదటిది 1958 నుంచి 1967 వరకు డాయిష్ గ్రామోఫోన్ కంపెనీకి. ఒకటి, నాలుగు, ఏడు, ఎనిమిది, తొమ్మిది బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో, మిగతావి బవేరియన్ రేడియో ఆర్కెస్ట్రాతో. రెండోది 1975–80లో డ్రెస్డెన్ స్టాట్స్‌కపెల్లె ఆర్కెస్ట్రాతో ఇ.ఎం.ఐ. కంపెనీకి. రెండింట్లోనూ వేగం అలల్లా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. శిఖరం దగ్గరపడే కొద్దీ యోహుమ్ అదిలిస్తాడు. డ్రెస్డెన్ హార్న్‌లు వెచ్చగా ఉంటాయి, కానీ ట్రంపెట్లు బిగ్గరగా పలికినచోట చెవిలో గుచ్చుకుంటాయి. మొదటి బాక్స్ సెట్‌గా మేము చెప్పేది బెర్లిన్–బవేరియా సెట్. ఇందులో ఎనిమిదోది సుమారు 74 నిమిషాల్లో ముగుస్తుంది, ఒకే సీడీలో పడుతుంది, కొత్తవాళ్లకు ఎక్కడా తెరిపి ఇవ్వదు. లోటల్లా పాఠాలు నోవాక్‌వి కావడం, మూడోది 1889ది కావడం. పైన చెప్పిన విడి రికార్డింగులు సరిగ్గా ఆ లోటునే పూడుస్తాయి.

గుంటర్ వాండ్ కొలోన్ రేడియో ఆర్కెస్ట్రాతో 1974–81లో చేసిన సెట్ దీనికి పూర్తిగా ఎదురు. ఒకసారి పట్టుకున్న లయను చివరిదాకా వదలడు. కట్టడం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో వాండ్ దగ్గర తెలిసినంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియదు. అయితే మొదటి సింఫనీకి ఇందులో ఉన్నది వియన్నా కూర్పు, ఆర్కెస్ట్రా కూడా బెర్లిన్ అంత నిండుగా పలకదు. రెండో సెట్‌గా కొనాల్సింది ఇదే.

కరాయాన్ సెట్ (బెర్లిన్, 1975–81) తంత్రీ వాద్యాల నునుపు కోసం, ఇత్తడి బరువు కోసం. నాలుగు, ఏడు, ఎనిమిది, తొమ్మిది అద్భుతం. మొదటి మూడు 1980–81 నాటి తొలి డిజిటల్ రికార్డింగులు, పై స్వరాలు కాస్త గాజులా మెరుస్తాయి. చెలిబిదాకే మ్యూనిక్ రికార్డింగులు (మూడు నుంచి తొమ్మిది దాకా మాత్రమే) మొదటి సెట్‌గా ఎప్పుడూ వద్దు. ఆయన 1993 ఎనిమిదోది 100 నిమిషాలు దాటుతుంది. ఆ సంగీతం నరనరాన ఇంకిన తర్వాత వింటే అది వేరే లోకం, అంతకుముందు వింటే నిద్ర. టింట్నర్ సెట్‌లో (నాక్సోస్, 1995–98) విద్యార్థి దశలో రాసిన ఎఫ్ మైనర్ సింఫనీ, ‘సున్నా’ సింఫనీ కలిపి పదకొండూ ఉన్నాయి. రెండు, మూడు, ఎనిమిది తొలి కూర్పుల్లోనే దొరుకుతాయి. మూడు ఆర్కెస్ట్రాలు కాబట్టి నాదం ఒక్క తీరుగా ఉండదు. దాన్ని మొత్తంగా కాక, కావలసిన డిస్కులే విడిగా ఏరుకోవడం లాభం.

సీడీ, ఎల్పీ, ఫైలు

బ్రూక్నర్‌కు ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) అంతగా నప్పదు. ఇది అభిమానానికి సంబంధించిన మాట కాదు, కొలతల మాట. ఎనిమిదోదాని అడాజియో 25 నుంచి 29 నిమిషాలు. దాన్ని ఒకే వైపు పట్టించాలంటే ధ్వని స్థాయి తగ్గించి గాడి కోయాలి. పైగా శిఖరం వచ్చేది చివర్లో, అంటే డిస్కు లోపలి గాడుల్లో. సూది అన్నిటికంటే తక్కువ వేగంతో నడిచేది, వికృతి ఎక్కువ పుట్టేది అక్కడే. రెండు వైపులకు విడగొడితే ధ్వని బాగుంటుంది, ధ్యానం చెదురుతుంది. ఇక రెండో సింఫనీలో తరచూ వచ్చే నిశ్శబ్దాల్లోకి, సింఫనీల మొదట్లో వచ్చే ఆ వణుకులోకి ఉపరితలం చిటపటలు చేరిపోతాయి.

పాత సీడీలు కొనేటప్పుడు రెండు చూడాలి. 1980ల నాటి లావుపాటి బాక్సుల్లో డిస్కు మీద స్పాంజ్ ముక్క పెట్టేవారు. అది కాలక్రమేణా జిగురుగా మారి డిస్కుకు అంటుకుంటుంది. ఉంటే వెంటనే తీసి పారేయండి. రెండోది, 1988–93 మధ్య ఇంగ్లండ్‌లో ఒక కర్మాగారంలో అచ్చయిన కొన్ని డిస్కులు అంచు నుంచి కంచు రంగుకు తిరిగి చెడిపోతాయి. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది కాబట్టి ముందు పాడయ్యేది ఆఖరి ట్రాకు. కొన్న రోజే చివరి అయిదు నిమిషాలు వినండి, లేదా తప్పుల్ని పట్టే రిప్పింగ్ ప్రోగ్రాముతో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. నష్టంలేని ఫ్లాక్ రూపంలో ఒక సింఫనీ సుమారు 300–400 మెగాబైట్లు తీసుకుంటుంది.

ఫైళ్లకు పేర్లు పెట్టేటప్పుడు ‘బ్రూక్నర్ 8’ అని వదిలేస్తే ఆరు నెలల్లో గందరగోళం. కండక్టర్, ఆర్కెస్ట్రా, రికార్డు చేసిన నెలా సంవత్సరమూ, కూర్పు సంవత్సరం, పరిష్కర్త – ఈ ఐదూ ఉండాలి. కవరు మీద వృత్తంలో ‘పి’ పక్కన ఉండే సంవత్సరం విడుదలదే కానీ రికార్డు చేసినది కాదు. ఒకే రికార్డింగు వేర్వేరు కవర్లతో మళ్లీ మళ్లీ వస్తుంది, వేర్వేరు రికార్డింగులు ఒకే పేరుతోనూ వస్తాయి. కరాయాన్ ఎనిమిదోదాన్ని స్టూడియోలో మూడు సార్లు చేశాడు: 1957, 1975లో బెర్లిన్‌తో, 1988లో వియన్నాతో. వాండ్‌వి కనీసం నాలుగు: 1979 కొలోన్, 1987 ల్యూబెక్ కథెడ్రల్, 1993 హాంబర్గ్, 2001 బెర్లిన్. వీటిలో కరాయాన్ 1988, వాండ్ 2001 రెండూ హాస్ పాఠాలే, రెండూ కొనదగ్గవే. ఒక్కటే అంటే వాండ్. కరాయాన్ 1957 రికార్డింగును మాత్రం మిగతావన్నీ సమకూరాక చూసుకోవచ్చు.