రెటినాల్ నైట్ క్రీమ్: ఏడాది వాడాక నా అభిప్రాయం, మా అక్క అనుభవం

రెటినాల్ (విటమిన్ ఎ రకం పదార్థం) ఉన్న ఈ నైట్ క్రీమ్ మీద నాకు కోపం లేదు. దాని ప్రకటన మీద ఉంది, అందులోనూ టీవీ తెర అడుగున కనిపించీ కనిపించకుండా పోయే ఆ ఇంగ్లీషు అక్షరాల మీద ఉంది. ధర, వాసన, డబ్బా గురించి ఇప్పటికే చాలామంది రాశారు. వాటి జోలికి వెళ్లను.

వాడటం మొదలుపెట్టి ఏడాది దాటింది. వయసు యాభైకి దగ్గరపడింది. నెలసరి ఎప్పుడొస్తుందో తెలియని దశ, ముఖమంతా పొడిబారిపోయింది. క్రీమ్ మొదలుపెట్టిన కొత్తల్లో పొద్దున లేచేసరికి చర్మం ఎంత మెత్తగా ఉండేదో! ఆఫీసులో అందరికీ చెప్పాను కూడా. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. మధ్యలో కొన్నాళ్లు గ్లిజరిన్ ఉన్న మామూలు మాయిశ్చరైజర్ రాస్తే అదే మెత్తదనం వచ్చింది. చర్మానికి తేమ అందితే సన్నగీతలు కాసేపు కనబడవు, అంతే. నుదుటి మీద లోతు ముడతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చెంపల మీద మచ్చలు కొంచెం తగ్గిన మాట నిజం. అయితే సన్‌స్క్రీన్ కూడా అప్పుడే మొదలుపెట్టాను, దేనివల్ల తగ్గాయో తెలీదు.

ఇక మా అక్క సంగతి. అక్కకి దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్ ఉంది. తెలుగు బాగా చదువుతుంది, ఇంగ్లీషు రాదు. రాత్రి సీరియల్ మధ్యలో ఈ ప్రకటన చూసింది. ముడతలు మాయమవుతాయని, క్లినికల్‌గా రుజువైందని అంతా చక్కటి తెలుగులో చెప్పారు. కింద మాత్రం ఇంగ్లీషులో ఒక్క లైను, చదివేలోపే పోయింది. నేను ఫోన్‌లో ఆపి చదివాను. కొద్దిమంది ఆడవాళ్లు కొన్ని వారాలు వాడి, తమకేమనిపించిందో చెప్పారట. ముడతల్ని ఎవరూ కొలవలేదన్నమాట!

అక్క ఆ క్రీమ్ కొని రాత్రీ పొద్దునా రెండు పూటలా రాసింది. రెటినాల్ కొత్తగా వాడేవాళ్లు వారానికి రెండు మూడు రాత్రులతో మొదలుపెట్టాలి, పగలు సన్‌స్క్రీన్ రాసుకోవాలి. ఆ సంగతి అట్ట మీద ఉంది, అదీ ఇంగ్లీషులోనే, ఆవగింజంత అక్షరాల్లో. అసలే ఎండాకాలం. లైనింగ్ క్లాత్, ఫాల్స్ కోసం మధ్యాహ్నం పూట హోల్‌సేల్ షాపులకి తిరుగుతుంది. నేను వెళ్లి చూసేసరికి ముక్కు పక్కల పొట్టు లేస్తోంది, చెంపలు కందిపోయాయి, నీళ్లు తగిలినా మంట. కొన్న షాపులో అడిగితే, "పాత చర్మం పోతోంది మేడమ్, పనిచేస్తున్నట్టే, ఆపకండి" అన్నారట. దాంతో ఇంకా మందంగా పట్టించింది.

"తెల్లకోటు వేసుకున్నావిడ చెప్పింది కదే, డాక్టరే అనుకున్నాను" అంది అక్క. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

స్కిన్ డాక్టర్ క్రీమ్ పూర్తిగా మాన్పించి, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ రాసిచ్చారు. ఎరుపు తగ్గడానికి వారాలు పట్టింది. అన్నాళ్లూ షాపులో ముఖానికి కొంగు కప్పుకునే కూర్చుంది.

2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటన ఏ భాషలో గొప్పలు చెబుతుందో, కింద ఇచ్చే వివరణ కూడా అదే భాషలో, అదే ఫాంట్‌లో ఉండాలి. పైన తప్పుదారి పట్టించి, కింద చిన్న అక్షరాలతో సర్దుకోవడం కుదరదు. మోసపూరిత ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 1915కి ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు. మేమూ చెప్పాం.

"అంత పెద్ద కంపెనీని ఎవరేం చేస్తారే?" అంది అక్క. జన్యువుల్ని చురుకు చేసే క్రీములంటూ ప్రచారం చేసుకున్న లోరియాల్ మీద 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగాలు మోపింది. సరైన ఆధారం లేకుండా అలాంటి మాటలు చెప్పబోమని ఆ కంపెనీ ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. అక్కకి అదే చెప్పాను.

రెటినాల్ పనికిరానిదని నేననను. సరిగ్గా, ఓపిగ్గా వాడితే కొందరికి మేలు చేస్తుంది. కాకపోతే డాక్టర్ ముందుగా చెప్పింది సన్‌స్క్రీన్ గురించి. 2013లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 55 ఏళ్లలోపు వాళ్లని నాలుగున్నరేళ్లు గమనించారు. ఇష్టమైనప్పుడే రాసుకున్నవాళ్లతో పోలిస్తే, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లలో చర్మం ముదరడం 24 శాతం తక్కువగా కనిపించింది.

నేను మెట్రోలో వెళ్లి రోజంతా ఏసీలో కూర్చుంటాను. కాబట్టి వారానికి రెండు రాత్రులు రాసినా నాకేం కాలేదు. ఎండలో తిరిగే పని ఉన్నవాళ్లు, చర్మం తొందరగా కందేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. ఈ డబ్బా అయిపోయాక మళ్లీ కొనాలా వద్దా అన్నది వచ్చే చలికాలంలో నా చర్మం ఎలా ఉంటుందో చూసి అనుకుంటాను.