టైమర్ కిట్ కొంటున్నారా? 12 వోల్టులే కదా అని చెయ్యి పెట్టకండి

తిరుపతిలో లైటు టైమర్ కిట్ కొనబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. మాది కొర్లగుంట. పై రెండు పోర్షన్లూ అద్దెకిచ్చాం. మెట్ల లైటు ఎవరూ ఆపరు, తెల్లార్లూ వెలుగుతూనే ఉంటుంది. బటన్ నొక్కితే వెలిగి, కాసేపటికి దానంతటదే ఆరిపోయేలా చేద్దామని టౌన్లో ఒక షాపులో 260 రూపాయలు పెట్టి కిట్ కొన్నాను. 555 ఐసీ (టైము లెక్కపెట్టే చిప్), రిలే (ఆ చిప్ చెప్తే లైటును వేసి ఆపే స్విచ్), చిల్లర సామాను. అడాప్టర్ అక్కర్లేదు, నేరుగా 230 వోల్టుల మెయిన్స్‌కే, అంటే ఇంటి కరెంటుకే కలపొచ్చన్నాడు షాపాయన.

లెక్క తేలికే. రెసిస్టెన్సు గుండా కెపాసిటర్ మెల్లగా నిండుతుంది, నిండేసరికి లైటు ఆరుతుంది. 1.1ని రెసిస్టెన్సుతో, కెపాసిటర్ విలువతో గుణిస్తే సెకన్లు వస్తాయి. 1 మెగాఓమ్, 470 మైక్రోఫారడ్ అంటే 517 సెకన్లు, ఎనిమిదిన్నర నిమిషాల పైచిలుకు. సోల్డరింగ్ చేసి బిగించాను. లైటు వెలిగింది. గంటైనా ఆరలేదు.

మీటరు పెట్టి చూశాను. 12 వోల్టుల సప్లయ్ ఉంటే కెపాసిటర్ 8 వోల్టులకు చేరాలి, అప్పుడే 555 లైటు ఆపుతుంది. ఇది ఆరున్నర దగ్గరే నిలిచిపోయింది. 8 దగ్గరికొచ్చేసరికి దానికి అందే కరెంటు 4 మైక్రోఆంపియర్లే. అంతకన్నా ఎక్కువ లోపలే కారిపోతుంటే చిల్లుకుండ ఎప్పటికి నిండేను? కెపాసిటర్ విప్పి గోటితో గీకితే 470 అని రాసున్న పై తొడుగు ఊడొచ్చింది. కింద ఇంకో తొడుగు: 220 మైక్రోఫారడ్, 10 వోల్టులు!

ఇదైనా పోనీ అనుకోవచ్చు. మీటరు పెట్టేటప్పుడు వేలు తగిలి షాక్ కొట్టింది. 12 వోల్టులకు షాకేంటని టెస్టర్ పెడితే, ఆ 12 వోల్టుల పిన్ను మీదే వెలిగింది! మెయిన్స్ నుంచి మనల్ని వేరుచేసే ట్రాన్స్‌ఫార్మరే కిట్‌లో లేదు. 105, 400 వోల్టులు అని రాసున్న డబ్బాలాంటి కెపాసిటర్ ఒకటి పెట్టి మెయిన్స్ నుంచే లాగేశారు. అంటే బటన్‌కి వెళ్ళే వైరూ మెయిన్సే. ఆ బటన్‌ని మెట్ల మొదట్లో, కుళాయి పక్కనే, పిల్లలు తడి చేతులతో నొక్కేచోట పెడదామనుకున్నాను నేను.

తిరిగిద్దామని వెళ్తే "సోల్డరింగ్ చేసినాక వాపసు తీసుకోం సామీ" అన్నాడు. బిల్లు అడక్కపోవడం నా బుద్ధితక్కువ.

ఇప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరున్న 12 వోల్టుల అడాప్టర్ విడిగా కొని, మెయిన్స్ కెపాసిటర్ భాగం మొత్తం పీకేసి, టైమింగ్ కెపాసిటర్ కొత్తది వేశాను. తొమ్మిది నిమిషాలకు ఆరుతోంది. కిట్ చేతికి తీసుకోగానే ఆ 400 వోల్టుల డబ్బా ఉందేమో చూడండి. ఉంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి. నిన్న అటు వెళ్తే అవే ప్యాకెట్లు దండలా వేలాడుతున్నాయి.