బెంగళూరు తోట బసలో నత్తల వేపుడు: తినకుండానే 960 రూపాయలు

ఆగస్టులో పెద్దమ్మను తీసుకుని నేనూ మా వారూ నాలుగు రోజులు బెంగళూరు వెళ్లివచ్చాము. లాల్‌బాగ్ పూల ప్రదర్శన, కబ్బన్ పార్కు, మెట్రో ప్రయాణం హాయిగా గడిచాయి కనుక వాటి గురించి చెప్పేదేమీ లేదు. చెప్పవలసినదంతా కనకపుర రోడ్డు వైపు మేము దిగిన తోట బస గురించే.

రాత్రికి 4,800 చొప్పున రెండు రాత్రులకు 9,600 ముందే కట్టించుకున్నారు. గది తలుపు తీసేసరికి స్నానాలగది గోడ మీద పిడికిలంతేసి నత్తలు ఏడు, వాటి వెనుక జిగురు చారలు. "వానాకాలం కదండీ, సున్నం కోసం గోడలెక్కుతాయి" అన్నాడు మేనేజరు. గుల్ల గట్టిపడడానికి వాటికి సున్నం కావాలన్నది నిజమే గాని, ఆ మాటతో గది శుభ్రపడదు కదా! చివరకు మా వారే చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని వాటిని ఏరి బకెట్లో వేశారు.

మరునాడు మధ్యాహ్నం భోజనాల పట్టికలో 'తోట నత్తల వేపుడు, ప్లేటు 480' అని చూడగానే పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. చెరువు నత్తలను ఉప్పేసి కడిగి, ఉడికించి, పిన్నీసుతో కండ లాగి చింతపండు పులుసు పెట్టడంలో మా గోదావరి ఊళ్లో ఆమెది పెట్టింది పేరు. రెండు ప్లేట్లు చెప్పి, వండే తీరు చూద్దామని వంటగదిలోకి వెళ్లిన మనిషి అంతలోనే వెనక్కి వచ్చింది.

"అమ్మాయ్, దీనికి మూతే లేదే! ఇది మన చెరువు నత్త కాదు."

ఆమె పట్టుకున్నది సరైన గుర్తే. చెరువు నత్త లోపలికి ముడుచుకుని మూత బిగించుకుంటుంది. ఇది 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి వదిలిన ఆఫ్రికా రాక్షసి నత్త సంతతి, దీనికి మూత ఉండదు. ఇలాంటి వాటిని తినదలచినవారు కొన్నాళ్లు శుభ్రమైన మేత పెట్టి, ఆపై పస్తుంచి, కడుపు ఖాళీ అయ్యాకే వండుతారు. ఇక్కడ పొద్దున ఏరినవి మధ్యాహ్నానికే మూకుడెక్కుతున్నాయి. సరిగా ఉడకకపోతే వీటిలో ఉండే ఎలుక ఊపిరితిత్తుల పురుగు మనిషి మెదడు పొరలకు వాపు తెస్తుంది.

అంతకన్నా ఘోరం క్రోటన్ మొక్కల మొదళ్లలో కనిపించింది. మా వారిది ఎరువులు, పురుగుమందుల దుకాణం కావడంతో అక్కడ చల్లిన నీలి గుళికలు మెటాల్డిహైడ్ అని ఇట్టే పోల్చుకున్నారు. నత్తలను చంపే ఆ మందు కుక్క తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. ఉడికిస్తే పురుగు చస్తుంది గాని, మందు విరుగుతుందని ఎవరు పూచీ పడతారు? మేనేజరు మాత్రం "మందు ఆ వైపే చల్లాం, వంటకు ఈ వైపువే ఏరాం" అన్నాడు, నత్తలు గీత గీసినట్టు ఇటే ఉండిపోతాయన్నట్టు! ప్లేట్లు ముట్టకుండా తిప్పి పంపినా, బిల్లులో 960 అలాగే ఉంచాడు. తోట నత్త వడ్డించేచోట ముందు తోటంతా తిరిగి మొక్కల మొదళ్లు చూడండి. గుళిక ఒక్కటి కనిపించినా వంటగది వైపు పోకండి.

పెద్దమ్మ ఆ సాయంత్రమంతా పలకలేదు. ఆఖరి రోజున ఆమె కోసమే నగరంలో ఒక ఫ్రెంచి భోజనశాలకు వెళ్లి, వెల్లుల్లి వెన్నలో కాల్చిన నత్తలు ఆరింటికి 1,150 పెట్టాము. డబ్బాల్లో విదేశం నుంచి వస్తాయని వడ్డించే కుర్రవాడు దాచకుండా చెప్పాడు. పెద్దమ్మ ఒకటి నమిలి, "ఇందులో నత్త ఎక్కడుందే, అంతా వెన్నేగా" అని తక్కిన అయిదూ మా వైపు తోసి, గిన్నెలోని వెన్నను రొట్టెముక్కతో అంచుదాకా తుడిచి తిన్నది.